బొటనవేలి తాళం

"చేతులు చాపండి!" అంది గోడ ఎక్కడం నేర్పే కోచక్క.

గోడ ముందు వరసగా కూర్చున్న తొమ్మిదిమంది పిల్లలూ చేతులు చాపారు. సుద్దపొడి అంటుకుని అన్ని చేతులూ పిండిలో ముంచి తీసినట్టున్నాయి. కోచక్క ఒక్కొక్కరి ముందూ మోకాళ్ల మీద కూర్చుని, ఉంగరపు వేలి నడిమి కణుపు దగ్గర అటూ ఇటూ నొక్కి చూస్తోంది. గోడ ఎక్కే ముందు రోజూ జరిగే తంతే ఇది.

"నొప్పా?"

"లేదక్కా."

"నీకు?"

"నొప్పి కాదక్కా, చక్కిలిగింత!"

అందరూ నవ్వారు. బల్లి మాత్రం నవ్వలేదు. వరసలో ఆమెది ఐదో చోటు. కుడిచేతి ఉంగరపు వేలు పది రోజులుగా సలుపుతోంది. ఆ సంగతి ఇంట్లో తెలియదు, బడిలో తెలియదు, ఇక్కడ అసలే తెలియదు.

కోచక్క నొక్కింది. నొప్పి మోచేతి దాకా జివ్వుమని పాకింది. బల్లి పళ్లు బిగించింది.

"నొప్పా?"

"అబ్బే, ఏం లేదక్కా."

కోచక్క ఒక్క క్షణం ఆమె మొహంలోకి చూసింది. బల్లి గబుక్కున పైకప్పు కేసి చూసింది. కోచక్క పక్కపిల్ల దగ్గరికి జరిగింది.

బల్లికి ఇంకో పేరు ఉంది లెండి. అది బడి రిజిస్టరులో ఉంది. అక్కడ తప్ప దాన్ని ఎవరూ వాడరు. ఆరేళ్లప్పుడు ఇంట్లో తలుపు చట్రం పట్టుకుని పైదాకా పాకింది. దిగడం రాక పైనుంచే మంచినీళ్లు అడిగింది. "ఒసేయ్, ఇది పిల్ల కాదే, బల్లి!" అన్నాడు వాళ్ల నాన్న. ఆయన కుళాయిల పనిచేసే మనిషి. పని మీద ఏ ఇంటికి వెళ్లినా ఈ కబురు చెప్పకుండా రాడు. అలా వీధి వీధంతా బల్లే అయిపోయింది. ఇప్పుడామెకు పన్నెండేళ్లు.

పక్కన కూర్చున్న పిల్ల పేరు పిడికెడు. ఎందుకలా పిలుస్తారో ఒక్కసారి చూస్తే చాలు. పదేళ్లొచ్చినా ఏడేళ్ల పిల్లంత ఉంటుంది. నోరు మాత్రం ఇరవయ్యేళ్లది.

వీళ్లు ఎక్కే గోడ ఒక పాత గోదాములో ఉంది. ఒకప్పుడు అక్కడ బంగాళాదుంపలు దాచేవాళ్లు. ఇప్పుడు నాలుగు వైపులా చెక్కగోడలు, కింద లావుపాటి పరుపులు. గోడల నిండా రంగురంగుల ప్లాస్టిక్ పట్లు బోల్టులతో బిగించి ఉంటాయి. ఒక్కో దారికి ఒక్కో రంగు. ఆ రంగు పట్లే పట్టుకుని పైదాకా పోవాలి.

ఆ రోజు కొత్తగా ఇద్దరు చిన్నపిల్లలు చేరారు. "వీళ్లకి పట్ల గురించి ఎవరు చెబుతారు?" అని కోచక్క అడిగిందో లేదో, పిడికెడు లేచి నిలబడింది.

"ఇది జగ్. జగ్గు చెవిలాగే ఉంటుంది, చెయ్యంతా దూరిపోతుంది. దీన్ని పట్టుకుని నిద్ర కూడా పోవచ్చు. ఇది స్లోపర్. అంటే బట్టతల. అంచనేదే ఉండదు. వేళ్లు విప్పి, అరచెయ్యంతా ఆనించి, ఒళ్లు కిందికి వెయ్యాలి. గోళ్లతో గీరితే జర్రున జారిపోతాం. ఇది పించ్. బొటనవేలు ఇటు, నాలుగు వేళ్లు అటు. అరలోంచి పుస్తకం లాగినట్టు పట్టుకోవాలి. ఇది పాకెట్. ఉత్త బొక్క. రెండు వేళ్లు పెట్టాలి. ఒక్క వేలు పెట్టామంటే కోచక్క మనల్ని బతకనివ్వదు."

"మరి ఇది?" అన్నాడు కొత్తగా వచ్చిన బుడ్డోడు, బిస్కెట్టు మందం ఉన్న సన్నటి అంచు చూపించి.

"అది క్రింప్. వేళ్ల కొసలే ఆనుతాయి. వేళ్లు కొంచెం వంచొచ్చు. బొటనవేలు బుద్ధిగా పక్కనే ఉండాలి. పైకి ఎక్కకూడదు."

"ఎక్కితే?"

"తాళం!" అని అరిచారు అందరూ ఒక్కసారే.

నాలుగు వేళ్లనూ బాగా మడిచి, బొటనవేలిని చూపుడువేలి గోరు మీదికి ఎక్కించి నొక్కితే, ఎంత సన్నటి అంచయినా గట్టిగా దొరుకుతుంది. అదే తాళం. పెద్దవాళ్లు వేస్తారు. పదహారేళ్లు నిండనివాళ్లు వేయకూడదని ఆ గోదాములో నియమం.

"ఎందుకో మళ్లీ చెబుతాను," అంది కోచక్క. "మీ వేళ్ల ఎముకలు ఇంకా ఎదుగుతున్నాయి. ఎదిగే చోట మెత్తగా ఉంటాయి. తాళం వేస్తే మీ బరువంతా సరిగ్గా అక్కడే పడుతుంది. అక్కడ విరిగిందంటే వేలు ఎలా పెరగాలనుకుంటే అలా పెరుగుతుంది, మనల్నేం అడగదు. అర్థమైందా?"

అర్థమైందన్నారు. బల్లి అందరికన్నా గట్టిగా అంది.

ఎందుకన్నదంటారా? నెల రోజులుగా ఆమె ఎవరూ చూడనప్పుడు తాళం వేస్తూనే ఉంది కాబట్టి.

*

పది రోజుల్లో ఎంపిక. అది జంటల పోటీకి. ఇద్దరూ కలిసి ఒక జట్టు. ఇద్దరూ పసుపు దారిలో చివరి పట్టు అందుకుంటేనే లెక్క. ఒక్కరు పడిపోయినా జంట మొత్తం ఇంటికే. బల్లి జంట పిడికెడు.

కిందటేడు బల్లి ఈ ఎంపికలోనే ఓడిపోయి, వారం రోజులు అన్నం సహించక మొహం మాడ్చుకు తిరిగింది. ఈసారి పోతే బతుకే లేదన్నట్టుంది ఆమెకు.

పసుపు దారిలో చివరికి రెండు పట్ల ముందు ఒక క్రింప్ ఉంది. పిడికెడు అక్కడిదాకా ఉడతలా పోతుంది. అక్కడ చెయ్యి జారి, పరుపు మీద దబ్బున పడుతుంది. ఆ రోజు సాయంత్రం ఆరుసార్లు ఎక్కింది. ఆరుసార్లూ పడింది.

"నా వల్ల కాదక్కా," అంది బల్లితో, ఏడుపు మొహం పెట్టి.

గోదాము వెనక, మురికి పట్టిన పట్లను నానబెట్టే తొట్టెలు ఉంటాయి. పక్కనే సాధన కోసం ఒక చిన్న చెక్కపలక. ఆ రోజు బ్రష్షులతో పట్లు తోమే వంతు వాళ్లిద్దరిదే. బల్లి బ్రష్షు పక్కన పడేసి, అటూ ఇటూ చూసింది.

"నీకొకటి చూపిస్తా. ఎవరికీ చెప్పనని ఒట్టెయ్."

పలక అంచు మీద వేళ్లు మడిచి, బొటనవేలు పైకెక్కించింది.

పిడికెడు కళ్లు ఇంతింత చేసుకుంది. "తాళమా? అమ్మో! కోచక్క తోలు తీస్తుంది."

"తెలిస్తేగా తీసేది! రోజూ అక్కర్లేదు. ఆ ఒక్క పట్టు దగ్గరే."

"వేలికి ఏమన్నా అయితే?"

"ఏమీ కాదు. నేను నెల రోజుల నుంచి వేస్తున్నా. చూడు, నా వేళ్లకి ఏమైంది?"

బల్లి చెయ్యి ముందుకు చాపి, ఐదు వేళ్లూ ఆడించింది. అది ఎడమ చెయ్యి. కుడిచెయ్యి వీపు వెనకాల ఉంది.

పిడికెడు నమ్మింది. బల్లక్క మాట అంటే ఆ పిల్లకి తిరుగులేదు. మర్నాడు కోచక్క వేరేవైపు తిరిగి ఉన్నప్పుడు తాళం వేసి, పసుపు దారి చివరి పట్టు అందుకుంది. కిందికి దిగి బల్లి మెడకు వేలాడింది. ఇద్దరూ పరుపు మీద పడి పొర్లారు. బల్లికి ఎంత సంతోషమేసిందంటే, ఆ కాసేపు తన వేలి నొప్పి కూడా మరిచిపోయింది.

*

ఐదు రోజులు గడిచాయి. బుధవారం బడిలో విరామం గంట కొట్టగానే పిడికెడు కుళాయి దగ్గర బల్లిని పట్టుకుంది.

"అక్కా, పెన్సిలు పట్టుకోలేకపోతున్నా."

ఉంగరపు వేలు కణుపు దగ్గర ఉబ్బి, నున్నగా మెరుస్తోంది.

"కోచక్కకి చెప్పెయ్యనా?"

"పిచ్చా నీకు? చెబితే నిన్ను ఆపేస్తుంది. ఎవరు నేర్పారంటుంది. నన్నూ ఆపేస్తుంది. ఇక ఎంపికా లేదు, పోటీ లేదు. ఆదివారం దాకా ఓర్చుకో. నాలుగే రోజులు."

"మరి ఇవాళ చెయ్యి నొక్కుతుందిగా? నాకు ఏడుపొచ్చేస్తుంది."

బల్లి కుళాయి కట్టేసింది. "తలుపులో పడి నలిగిందని చెప్పు."

"ఏ తలుపులో?"

"ఏదో ఒక తలుపు! తలుపులకేం కరువా?"

ఆ సాయంత్రం కోచక్క నొక్కగానే పిడికెడు "అమ్మా!" అని కెవ్వుమంది. వరసలో చాపిన చేతులు చాపినట్టే ఆగిపోయాయి.

"ఏమైందే?"

"తలుపులో పడింది."

"ఏ తలుపు?"

పిడికెడు దిక్కులు చూసింది. గుమ్మం దగ్గర వాళ్ల తాతయ్య నిలబడి ఉన్నాడు. అమ్మకు నాన్న. బ్రెడ్డు కంపెనీ వ్యాను నడుపుతాడు. పొద్దున్నే దుకాణాలకు బ్రెడ్డు వేసి, మనవరాలిని బడికి దింపి, సాయంత్రం ఇక్కడికి తీసుకొస్తాడు. మనవరాలు మరిచిపోయిన నీళ్లసీసా ఇవ్వడానికి అప్పుడే వచ్చాడు.

"వ్యాను తలుపు," అంది పిడికెడు.

తాతయ్య చేతిలో సీసా అలాగే ఉండిపోయింది. "వ్యాను తలుపా? ఎప్పుడమ్మలూ?"

"పొద్దున. నువ్వు వేసినప్పుడు."

"మరి అరవలేదేం తల్లీ?"

"నువ్వు బాధపడతావని."

చూశారా, అబద్ధం ఆ చిన్నదాని చేత ఎంత దూరం నడిపించిందో! తాతయ్య మొహంలో నెత్తురు చుక్క లేదు. మనవరాలిని ఎత్తుకుని, దగ్గర్లో ఉన్న క్లినిక్కుకి పరుగెత్తాడు. తలుపులో నలిగిందని ఆయనే చెప్పాడు కాబట్టి అక్కడి డాక్టరు ఎక్స్‌రే కూడా తీయించలేదు. పైపూత మందు ఇచ్చి, మూడు రోజులు చెయ్యి కదపొద్దన్నాడు.

బల్లి తేలు కుట్టిన దొంగలా ఒక మూల నిలబడింది. 'ఎవరికీ ఏం కాలేదుగా,' అనుకుంది.

శుక్రవారం సాయంత్రం ఆమె వచ్చేసరికి గోదాము ముందు వ్యాను ఆగి ఉంది. పోటీ ఎలా జరుగుతుందో వినడానికి పిడికెడు లోపలికి వెళ్లింది. తాతయ్య రోడ్డు మీదే గొంతుక్కూర్చుని, వ్యాను తలుపు అంచు పొడవునా రబ్బరు పట్టీ అంటిస్తున్నాడు. పట్టీ వంకర పోతోంది. పీకి మళ్లీ అంటిస్తున్నాడు.

"బల్లమ్మా, ఆ చివర కాస్త పట్టుకుంటావా?"

బల్లి పట్టుకుంది.

"ముప్ఫయ్యేళ్లయింది తల్లీ బండి నడపబట్టి. ఇన్నేళ్లలో ఒక్కరి వేలు నలగలేదు. నలిగింది నా పిల్లదే. చూపు తగ్గిందని నాకే తెలియలేదు."

"తాతయ్యా..."

"ఏం తల్లీ?"

చెప్పెయ్యొచ్చు. అక్కడ వాళ్లిద్దరే ఉన్నారు. నోరు తెరిస్తే చాలు. కానీ మధ్యలో ఒక్క శనివారమే ఉంది. ఆ తర్వాత ఆదివారం.

"ఏం లేదు," అని గొణిగి, లోపలికి వెళ్లిపోయింది.

*

ఆదివారం పొద్దున గోదాము కిటకిటలాడుతోంది. పిడికెడు వేలికి తెల్లటి టేపు చుట్టుకుని వచ్చింది.

"వాపు తగ్గిందా?" అని కోచక్క అడిగింది.

"తగ్గిందక్కా. మందు రాశాం." అబద్ధం ఇప్పుడు ఆ పిల్లకి అలవాటైపోయింది.

"చిన్న అనుమానం వచ్చినా దిగిపో. సరేనా?"

బల్లి ముందు ఎక్కింది. క్రింప్ దగ్గర వేలు మంటలో పెట్టినట్టు మండింది. ఒళ్లు గోడకు దగ్గరగా తెచ్చి, చేతికి అడ్డుపెట్టి, ఎవరికీ కనబడకుండా తాళం వేసింది. పైపట్టు రెండు చేతులా అందుకుంది. చప్పట్లు మోగాయి.

తర్వాత పిడికెడు. జగ్‌లు దాటింది. బట్టతల దాటింది. క్రింప్ దగ్గరికి వచ్చింది. వేళ్లు విప్పి పెట్టింది, జారాయి. మళ్లీ పెట్టింది, మళ్లీ జారాయి. కాళ్లు వణకడం మొదలుపెట్టాయి. మెడ తిప్పి కిందికి చూసింది. అంతమంది జనంలో ఆ కళ్లు ఒక్క బల్లినే వెతుక్కున్నాయి.

బల్లి పిడికిలి గుండె దాకా ఎత్తి, బొటనవేలిని పైకెక్కించి చూపించింది.

పిడికెడు గోడ వైపు తిరిగింది. వేళ్లు మడిచింది. బొటనవేలు పైకెక్కించింది. ఒంటి బరువంతా దాని మీద వేసి లేచింది.

టక్!

పెన్సిలు ముక్క విరిచినంత చప్పుడు. ముందు వరసలో ఉన్నవాళ్లకే వినబడింది. పిడికెడు పరుపు మీద పడింది. లేచి కూర్చుని, చేతిని వింతగా చూసుకుంది. ఉంగరపు వేలు ఉండాల్సినట్టు లేదు. ఒక్క క్షణం తర్వాత ఆ పిల్ల వేసిన కేక విని, బయట వ్యాను దగ్గరున్న తాతయ్య చెప్పులు లేకుండా లోపలికి పరుగెత్తుకొచ్చాడు.

*

మర్నాడు మధ్యాహ్నం నాన్న బల్లిని ఆస్పత్రికి తీసుకెళ్లాడు. "నీ జంటపిల్ల కదే, చూసి రావొద్దూ?" అన్నాడు. దారిలో బల్లి రెండుసార్లు ఆగిపోయింది. దిగులు పడుతోందనుకున్నాడాయన.

పొద్దునే ఆపరేషన్ చేసి వేలిలో సన్నటి తీగ పెట్టారట. పిడికెడు ఇంకా మత్తులో ఉంది. గది బయట బెంచీ మీద తాతయ్య తల వంచుకు కూర్చున్నాడు. పిడికెడు వాళ్లమ్మ ఆయన ముందు నిలబడి ఉంది. ఆమె కళ్లు వాచిపోయి ఉన్నాయి.

"ఎన్నిసార్లు చెప్పాను నాన్నా, కళ్లు చూపించుకోమని? విన్నావా? నీ బండి, నీ మొండితనం! నలిగిన వేలు కాబట్టే నిన్న అలా విరిగింది. ఇప్పుడు దాని వేలు..."

తాతయ్య జేబులోంచి వ్యాను తాళంచెవి తీసి బెంచీ మీద పెట్టాడు. "ఇక ముట్టుకోనమ్మా. నా చేత్తో నేనే నా పిల్లకి ఈ గతి పట్టించాను."

అప్పుడే గదిలోంచి డాక్టరమ్మ బయటికి వచ్చింది. చేతిలో ఎక్స్‌రే ఉంది.

"ఎముక ఎదిగే చోట విరిగింది. వేలు కాస్త వంకరగా పెరగొచ్చు, పెరుగుదల ఆగిపోనూవచ్చు. ఇప్పుడే చెప్పలేం. ఒక్కటే నాకు అర్థం కావట్లేదు. నిన్నటికి ముందే పగులు ఉంది, కానీ తలుపులో నలిగితే అది ఇలా ఉండదు. సరిగ్గా ఏం జరిగిందో తెలిస్తే వైద్యానికి మంచిది. తలుపులోనే పడిందా, చూశారా?"

"నేనే వేశాను తలుపు," అన్నాడు తాతయ్య. "ఇంకెవరూ కాదు."

బల్లి నాన్న చెయ్యి వదిలేసింది. అడుగు ముందుకు వేసింది.

"తాతయ్య తలుపు వెయ్యలేదు."

అందరూ ఆమె వైపు తిరిగారు.

"వ్యాను తలుపులో వేలు పడనే లేదు. ఆ మాట చెప్పమంది నేనే. తాళం వెయ్యమని నేర్పింది నేనే. నాకు నొప్పి వచ్చినా రాలేదని చెప్పాను. నిన్న అది కిందికి చూస్తే... దిగమని చెప్పాల్సింది పోయి, నేనే చెయ్యెత్తి వెయ్యమని చూపించాను."

మాటలు ఒకదాని మీద ఒకటి పడి వచ్చేశాయి. చక్రాల బల్ల ఒకటి కీచుమంటూ పక్కనుంచి వెళ్లింది.

తాతయ్య తలెత్తాడు. బల్లిని చాలాసేపు చూశాడు. ఆయన అరిచినా, కొట్టినా బాగుండేది.

"శుక్రవారం నేను రబ్బరు అంటిస్తుంటే," అన్నాడు నెమ్మదిగా, "రెండో చివర నువ్వే కదమ్మా పట్టుకున్నావు."

బల్లికి ఏడుపు తన్నుకొచ్చింది. నాన్న ఆమెను దగ్గరికి తీసుకోలేదు. చిన్నపిల్ల, వదిలెయ్యండి అని కూడా అనలేదు. ఆయన మొహం చూడడానికి ఆమెకు ధైర్యం చాలలేదు.

పిడికెడు వాళ్లమ్మ బెంచీ మీద తండ్రి పక్కన కూలబడింది. "నాన్నా," అంది. ఆయన మోకాలి మీద తల పెట్టుకుంది.

డాక్టరమ్మ వచ్చి బల్లి ముందు వంగింది. "నీకు కూడా నొప్పి వచ్చిందన్నావు. ఏ చెయ్యి?"

బల్లి కుడిచెయ్యి చాపింది.

*

బల్లి వేలి ఎముకలోనూ వెంట్రుకంత పగులు బయటపడింది. మూడు నెలలు గోడ ముట్టుకోవద్దన్నారు. అదృష్టం బాగుండి, ఆమె వేలు చక్కగా అతుక్కుంది.

కోచక్క తిట్టలేదు. "ఆ రోజు నొప్పి లేదన్నప్పుడు నీ మొహం చూశాను," అంది. "చూసి కూడా వదిలేశాను. అది నా తప్పు. మిగతాది నీది." ఆ తర్వాత ఆ మాట ఎత్తలేదు. పోటీకి వేరే జంట వెళ్లింది.

తాతయ్య మళ్లీ వ్యాను నడుపుతున్నాడు. బల్లి కనబడితే ఆపి, "ఎక్కమ్మా, దింపుతాను," అంటాడు. అది విన్న ప్రతిసారీ ఆమెకు భూమిలోకి కుంగిపోవాలనిపిస్తుంది. ఇంతవరకూ ఎక్కలేదు.

పిడికెడు మాత్రం బల్లితో మాట్లాడడం మానేసింది. బల్లి రెండుసార్లు వాళ్లింటికి వెళ్లింది. మొదటిసారి ఆ పిల్ల గదిలోంచి బయటికే రాలేదు. రెండోసారి వచ్చి, గుమ్మంలో నిలబడి, "నువ్వు చూపించింది ఎడమ చెయ్యి కదా?" అని అడిగింది. బల్లి అవునంది. పిడికెడు తలుపేసుకుంది.

ఐదో నెలలో పిడికెడు మళ్లీ గోదాములో అడుగుపెట్టింది. ఉంగరపు వేలు కణుపు దగ్గర నుంచి చిటికెన వేలి వైపు వాలి ఉంది. పూర్తిగా ముడుచుకోదు. ఇక ఇంతేనని డాక్టరమ్మ చెప్పేసింది. కొత్తపిల్లలు ఆ వేలిని దొంగచూపులు చూశారు. పిడికెడు చెయ్యి దాచుకోలేదు, జోకులూ వెయ్యలేదు. ఆ పిల్ల నోరు ఇప్పుడు మునుపటిలా లేదు.

"ఇవాళ జగ్‌ల దారి ఒక్కటే," అంది కోచక్క. "కింద ఎవరు నిలబడతారు?"

ఎక్కేవాళ్లు పడితే తల, వీపు పరుపు మీద సరిగ్గా ఆనేలా కింద ఒకరు చేతులెత్తి నిలబడాలి. బల్లి వెళ్లి నిలబడింది. పిడికెడు ఆమెను చూసింది. గోడ ఎక్కడం మొదలుపెట్టింది.

మెల్లగా ఎక్కింది. ఒక్కో జగ్ పట్టుకుని, ఊపిరి తీసుకుని, ఇంకోటి పట్టుకుంది. సగం దాటింది. పిల్లలందరూ పరుపు చుట్టూ మూగారు. పై పట్టు ఇంక ఒక్క చేతి దూరంలో ఉంది.

"ఇంకొక్కటే! ఇంకొక్కటే!" అని అరుస్తున్నారు.

పిడికెడు ఆగిపోయింది. కుడి మోచెయ్యి కొంచెం బయటికి తిరిగింది. నొప్పి దాచుకునేవాళ్ల మోచెయ్యి అలా తిరుగుతుందని ఆ గోదాములో బల్లికి తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

పిడికెడు కిందికి చూసింది. ఆ ఆదివారం తర్వాత మొదటిసారి గోడ మీంచి బల్లి మొహంలోకి చూసింది.

"లాగుతోందా?" అంది బల్లి.

ఆ పిల్ల తల ఊపింది.

"అయితే దిగిపో."

"అయ్యో, ఒక్కటేగా ఉంది!" అన్నాడు పక్కనున్న బుడ్డోడు.

"నువ్వుండు." బల్లి పైకే చూస్తూ అంది. "దిగిపోవే. కాలి కింద పెద్ద జగ్ ఉంది, ఎడమ పక్క. ఆఁ, అదే. నేను కిందే ఉన్నా."

పిడికెడు పై పట్టు వైపు ఒకసారి చూసింది. తర్వాత ఎడమ కాలు కిందికి దించింది. ఒక్కో పట్టే దిగుతూ వచ్చింది. పిల్లలు ఉసూరుమని చెదిరిపోయారు. బల్లి మాత్రం ఆ పిల్ల రెండు పాదాలూ పరుపుకు ఆనేదాకా ఎత్తిన చేతులు దించలేదు.